నాన్నగారి కోసం ఇంటి వీడియోలు టీవీలో: స్టిక్కా, బాక్సా, పెన్‌డ్రైవా?

శైలజ, అరండల్‌పేట, గుంటూరు

సినిమాలకూ సీరియళ్లకూ కాదండీ, మా ఇంటి వీడియోలు చూసుకోవడానికి టీవీకి తగిలించే పరికరం ఒకటి కావాలి. ఆరేడు వేలలో వస్తే బాగుంటుంది. చూసేది మా నాన్నగారు. వయసు డెబ్బై తొమ్మిది. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాసి రిటైరైన మనిషి. అంకెలతో ఆయనకు పేచీ లేదు గానీ, రిమోట్‌లో పైకి, కిందికి, ఓకే తప్ప నాలుగో మీట ముట్టుకోరు. ముట్టుకోమంటే కోపం.

ఇన్నాళ్లూ డీవీడీ ప్లేయర్‌తో గడిచిపోయింది. ఇప్పుడు దాని లెన్సు పోయింది. బాగుచేసే అతను మూత కూడా విప్పకుండా, దీనికి సామాను రావడం లేదని తిప్పి పంపాడు.

మా దగ్గర ఉన్నవి చెబుతాను. 2003లో అక్క పెళ్లి, మూడు డీవీడీలు. మా అబ్బాయి చిన్నప్పటివి చిన్న క్యాసెట్లలో ఉండేవి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టుకున్నాం. ఒక్కొక్కటి గంట నిడివి, ఒక్కొక్కటి 13 జీబీ, పేరు చివర ఏవీఐ అని ఉంటుంది. 2016 కృష్ణా పుష్కరాలకు విజయవాడ వెళ్లినప్పుడు పద్మావతి ఘాట్‌లో బావగారు హ్యాండీక్యామ్‌తో తీసినవి ఉన్నాయి, వాటి చివర ఎమ్‌టీఎస్. ఇవి కాక డాలస్ నుంచి తమ్ముడు పంపే ఐఫోన్ వీడియోలు, వారానికి ఒకటైనా వస్తుంది.

పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టి చూశాం. పెళ్లి డీవీడీ ఒక్కో జీబీ చొప్పున ముక్కలుగా కనిపిస్తుంది, ఒక్కదానికీ శబ్దం లేదు. పుష్కరాలది ఆడుతుంది కానీ మనుషులు కదిలితే అంచుల వెంట అడ్డగీతలు. క్యాసెట్ల వీడియో అసలు పెన్‌డ్రైవ్‌లోకే ఎక్కలేదు. లోపల ఖాళీ ఉన్నా ఫైలు మరీ పెద్దదని కంప్యూటర్ అంటుంది. తమ్ముడివి కొన్ని ఆడతాయి, కొన్నింటికి ఈ ఫార్మాట్ పనిచేయదని తెర మీద పడుతుంది.

టీవీ 43 అంగుళాలది, ఐదేళ్ల కిందటిది. రౌటర్ వీధి గదిలో, నాన్నగారి గది పెరటి వైపు. మధ్యలో మూడు గోడలు, అవీ పాతకాలపు లావు గోడలు.

కొట్లో అడిగితే “ఏది తీసుకున్నా అన్నీ ఆడతాయి మేడమ్” అన్నాడు కుర్రాడు. అన్నీ ఆడే వస్తువును నేను ఇంతవరకు చూడలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఇంకో మాట. పెళ్లి వీడియోలో నాన్నగారు మళ్లీ మళ్లీ చూసేది పెళ్లి కాదు, భోజనాల పంక్తి. అందులో మా పెదనాన్నగారు గోంగూర రెండోసారి వేయించుకుని, వడ్డించే అతనితో ఏదో అని పంక్తి మొత్తాన్ని నవ్విస్తారు. తిన్నగా ఆ చోటికి వెళ్లే దారి ఉంటే చెప్పండి.

కిరణ్, బెంజి సర్కిల్

టీవీకి తగిలించే ఫైర్ టీవీ స్టిక్ తీసుకోండి మేడమ్, అందులో వీడియోలు ఆడించే వీఎల్‌సీ యాప్ వేసుకోండి, అంతే. మా ఇంట్లో అదే ఉంది. వీడియోలన్నీ గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కించేస్తే పెన్‌డ్రైవ్ గొడవ కూడా ఉండదు, ఫోన్ నుంచి టీవీ మీదికి పంపుకోవచ్చు.

మిక్సింగ్ మాస్టారు, గవర్నర్‌పేట

కిరణ్ బాబూ, వీఎల్‌సీ వరకు నీ మాట సరే. మిగతాది ఒప్పుకోను. గూగుల్ ఫొటోస్‌లో లెక్క లేకుండా ఉచితంగా దాచుకునే రోజులు 2021 జూన్ 1తో పోయాయి. ఇప్పుడు ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అదీ మెయిల్‌తో కలిపి. ఆవిడ క్యాసెట్ ఒక్కటి ఎక్కిస్తే ఇల్లు నిండిపోతుంది.

శైలజ గారూ, నేను తొంభైల నుంచి విజయవాడ గవర్నర్‌పేటలో పెళ్లి వీడియోల మిక్సింగ్ చేసినవాడిని. పెళ్లికూతురి ముఖం చుట్టూ గిర్రున తిరిగే హృదయం గుర్తు, తలంబ్రాల మీద రాలే గులాబీ రేకులు, ఇవన్నీ నా చేతుల మీదుగా వందల ఇళ్లకు వెళ్లాయి. కాబట్టి పరికరం సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు మీ ఫైళ్ల జాతకం చూద్దాం. మీకున్నవి నాలుగు రకాలు, నాలుగింటి ఇబ్బందీ వేరు వేరు. అది తెలియకుండా ఏ డబ్బా కొన్నా మళ్లీ ఇక్కడికే వస్తారు.

పెళ్లి డీవీడీతో మొదలుపెడతాను. ఒక జీబీ ముక్కలు డీవీడీ నియమం. డిస్కు చెడిపోయిందని కంగారుపడకండి. మామూలు ప్లేయర్ వాటిని వరసగా కలిపి చూపిస్తుంది, టీవీకి ఆ వరస తెలియదు. శబ్దం రాకపోవడానికి కారణం వేరు. ఆ డిస్కుల్లో ధ్వనిని ఎక్కువగా ఏసీ-3 పద్ధతిలో పెట్టేవాళ్లం. యూఎస్‌బీ నుంచి వచ్చే ఏసీ-3ని చదవని టీవీలు ఉన్నాయి, మీది ఆ కోవలోది కావచ్చు. ముందు ముక్కలు కలపడానికి మేక్‌ఎమ్‌కేవీ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, డీవీడీలకు డబ్బు అడగదు. మీ ల్యాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీకి తగిలించేది విడిగా దొరుకుతుంది. డిస్కు పెట్టి నొక్కితే ముక్కలన్నీ కలిపి ఒకే ఫైలుగా ఇస్తుంది. బొమ్మను మళ్లీ కుదించదు కాబట్టి నాణ్యత ఒక్క చుక్క కూడా తగ్గదు. చాప్టర్ల గుర్తులు కూడా అలాగే ఉంటాయి. మేం సాధారణంగా స్నాతకం, ఎదురుకోలు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, భోజనాలు, అప్పగింతలు అని చాప్టర్లు పెట్టేవాళ్లం. మీ డిస్కులో కూడా ఉండే అవకాశం ఎక్కువ.

ఈ పని మాత్రం వాయిదా వేయకండి. ఇళ్లకు ఇచ్చిన డీవీడీలు కంపెనీలో అచ్చుపోసినవి కావు, రంగు పూత మీద లేజర్‌తో రాసినవి. మన కోస్తా ఎండకూ ఉక్కకూ ఆ పూత పాడవుతుంది. ఈ రోజు చదివిన డిస్కు వచ్చే వేసవికి చదవకపోవచ్చు.

ఇక పుష్కరాల వీడియోలో గీతలు. మీ బావగారి హ్యాండీక్యామ్ ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా తీస్తుంది. మొదట ఒకటి, మూడు, ఐదు ఇలా బేసి వరసలు. సెకనులో యాభయ్యో వంతు గడిచాక సరి వరసలు. పాత డబ్బా టీవీ కూడా అలాగే ఒక సగం తర్వాత ఒక సగం వేసేది కాబట్టి మన కంటికి తేడా తెలిసేది కాదు. ఇప్పటి టీవీలు మొత్తం బొమ్మ ఒకేసారి వేస్తాయి. ఘాట్‌లో మునిగి పైకి లేచే మనిషిని చూడండి. మొదటి సగంలో భుజం ఒక చోట ఉంటుంది, రెండో సగానికి కొంచెం పైకి జరుగుతుంది. రెండూ ఒకే బొమ్మలో పడేసరికి ఆ భుజం అంచు దువ్వెన పళ్లలా తేలుతుంది. నిలబడి దండం పెట్టుకునే వాళ్ల మీద గీతలు ఉండవు, గమనించండి. పెళ్లి డీవీడీలోనూ క్యాసెట్లలోనూ ఇదే తంతు, బొమ్మ చిన్నది కాబట్టి తక్కువగా కనిపిస్తుంది. ఈ రెండు సగాలనూ విడదీసి సరిచేయడాన్ని డీ-ఇంటర్‌లేస్ అంటారు.

క్యాసెట్ల ఏవీఐ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోవడం చిన్న విషయం. మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంది. అందులో ఒక్కో ఫైలుకు హద్దు 4 జీబీ, పెన్‌డ్రైవ్ ఎంత పెద్దదైనా సరే.

ఐఫోన్ సంగతి మీ తమ్ముడి చేతిలో ఉంది. ఆ ఫోన్లు వీడియోను బాగా కుదించే హెచ్ఈవీసీ అనే పద్ధతిలో తీస్తాయి. ఐఫోన్ 12 నుంచి దాని మీద వెలుగు, రంగులు ఎక్కువగా చూపే డాల్బీ విజన్ హెచ్‌డీఆర్ కూడా వచ్చి చేరింది. అది తెలియని టీవీలో రంగులు వెలిసిపోయి కనిపిస్తాయి. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ మోస్ట్ కంపాటిబుల్ పెట్టమనండి. రికార్డ్ వీడియో కింద హెచ్‌డీఆర్ ఆపేయమనండి. వాట్సాప్‌లో మామూలుగా వీడియోలా పంపితే పిండి పిప్పి చేసి ఇస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ వరకు ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ఇప్పుడు అసలు మాట. వీడియోల ఫార్మాట్ మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. పుష్కరాల వీడియోల్లో ఏదో చిన్నది ఒకటి తీసుకుని ఎమ్‌పీ4కు మార్చండి. బొమ్మకు హెచ్.264, ధ్వనికి ఏఏసీ. పెళ్లి డీవీడీ శబ్దం సంగతి కూడా ఈ ఏఏసీతోనే తీరుతుంది. ఫిల్టర్స్‌లో డీ-ఇంటర్‌లేస్ పెట్టి, దాని పక్కన బాబ్ అని ఉంటుంది, అది ఎంచుకోండి. ఫ్రేమ్ రేటుకు 30 అని హద్దు లేకుండా చూసుకుంటే రెండు సగాలూ రెండు వేర్వేరు బొమ్మలై సెకనుకు 50 వస్తాయి, కదలిక నున్నగా ఉంటుంది. ఆ ఒక్క ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి మీ టీవీకే పెట్టి చూడండి. ఈ రకం ఫైలును ఆడించలేని స్మార్ట్ టీవీ అరుదు. ఆడిందంటే మీరు ఏ పరికరమూ కొనక్కరలేదు. మిగతావన్నీ అలాగే మార్చుకోవడమే. గంట క్యాసెట్ 13 జీబీ నుంచి రెండు జీబీకి అటూ ఇటూగా దిగుతుంది, ఫ్యాట్32 గొడవ కూడా తీరుతుంది. కొట్టువాడు ఈ మాట చెప్పడు, చెబితే అతనికి గిట్టదు.

మార్చాక పాతవి చెరిపేయకండి. చూడడానికి ఎమ్‌పీ4, దాచడానికి అసలు ఫైలు.

పెదనాన్నగారి గోంగూరకు లాస్‌లెస్‌కట్ అని ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. భోజనాల చోట మొదలు, చివర గుర్తులు పెట్టి కత్తిరించి విడి ఫైలు చేసేయండి. మూడు మీటల మనిషికి చాప్టర్లు వెతకమనడం కంటే అది నయం.

ఒకవేళ టీవీలో కుదరక కొనాల్సే వస్తే, నిండు సైజు యూఎస్‌బీ రంధ్రం ఉన్న ఆండ్రాయిడ్ టీవీ లేదా గూగుల్ టీవీ బాక్స్ చూడండి. స్టిక్‌లో ఆ రంధ్రం ఉండదు. కరెంటు వైరు దారిలోనే ఓటీజీ ముక్క తగిలించి పెన్‌డ్రైవ్ కలపాలి, ముసలివాళ్ల గదిలో ఆ తీగల చిక్కు నాకు నచ్చదు. లేదంటే వై-ఫై మీద ఆధారపడాలి. మూడు లావు గోడలు దాటి వచ్చే వై-ఫైని నమ్ముకుని పెళ్లి వీడియో పెడితే మంగళసూత్రం దగ్గర సున్నా చుట్టుకుంటూ కూర్చుంటుంది. ఆపిల్ టీవీ 4కే మంచి వస్తువే కానీ దానికి యూఎస్‌బీ రంధ్రమే లేదు, ధర కూడా మీ లెక్కకు రెట్టింపు. పేరూ ఊరూ లేని రెండు వేల రూపాయల ఆండ్రాయిడ్ డబ్బాల జోలికి అసలు పోకండి. కొన్ని ఫ్యాక్టరీ నుంచే దొంగ సాఫ్ట్‌వేర్‌తో వస్తున్నాయి. వాటి గురించి 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ బహిరంగంగా హెచ్చరించింది. ఏది కొన్నా కరెంటు దానితో వచ్చిన అడాప్టర్ నుంచే ఇవ్వండి. టీవీ వెనక యూఎస్‌బీ నుంచి ఇస్తే చాలక, ఊరికే ఆగి మళ్లీ మొదలవుతుంటుంది.

రవి, మంగళగిరి

మాస్టారు చెప్పిన పద్ధతి పనిచేస్తుంది కానీ ఇంకా పెన్‌డ్రైవ్ మోసుకు తిరగడమేనా? ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే దాన్నే వీడియోలు పంపే సర్వర్‌గా మార్చే జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ వేయండి. 2018లో ఎంబీ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చింది, పూర్తిగా ఉచితం. వీడియోలన్నీ ఒక్క చోట, ఏ గదిలో టీవీ అయినా, ఏ ఫోన్ అయినా తెరిచి చూసుకోవచ్చు. ఫైలును మార్చక్కర కూడా లేదు, టీవీకి పడని ఫార్మాట్‌ను అప్పటికప్పుడు అదే మార్చి పంపుతుంది. ప్లెక్స్ కూడా ఇలాంటిదే కానీ 2025 ఏప్రిల్ నుంచి బయట ఊరి నుంచి చూడాలంటే డబ్బు కట్టమంటోంది. జెల్లీఫిన్‌కు ఆ బాధ లేదు, డాలస్‌లో తమ్ముడు గారు కూడా చూడవచ్చు.

మిక్సింగ్ మాస్టారు, గవర్నర్‌పేట

రవి గారూ, జెల్లీఫిన్ మంచిదే, మా అబ్బాయి వాడతాడు. కానీ చూసేది ఎవరు? మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయి వచ్చింది, ల్యాప్‌టాప్ ఆగిపోయింది, శైలజ గారు ఉద్యోగంలో ఉన్నారు. ఆ పెద్దాయన వీధి గదిలోకి వెళ్లి సర్వర్ మళ్లీ మొదలుపెడతారా? అప్పటికప్పుడు మార్చి పంపాలంటే పాత ల్యాప్‌టాప్‌కు ఊపిరి ఆడదు, అందులోనూ మన మే నెలలో. డాలస్ నుంచి చూడాలంటే రౌటర్‌లో ఏవేవో తెరవాలి. అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని, తెలియక తెరిస్తే దొంగకు తలుపు తీసినట్టే. మీ ఇంటికి మీరు పెట్టుకోండి, ఆవిడ ఇంటికి వద్దు.

రవి, మంగళగిరి

ఇన్వర్టర్ ఉంటుంది కదండీ. అయినా మూడు మీటల మాట మరిచిపోయాను, ఆ లెక్కన మీదే రైటు. తర్వాత ఎప్పుడైనా కావాలంటే శైలజ గారు నన్ను అడగవచ్చు.

కిరణ్, బెంజి సర్కిల్

యూట్యూబ్‌లో ప్రైవేట్‌గా పెట్టుకుంటే? ఉచితం కదా, టీవీలో యూట్యూబ్ ఎలాగూ ఉంది. ఇంకో ప్రశ్న మాస్టారూ, పాత పెళ్లి వీడియోలకు రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, వాటిని తీసేసి తెర నిండా చేయడం ఎలా?

మిక్సింగ్ మాస్టారు, గవర్నర్‌పేట

ప్రైవేట్ అయినా సినిమా పాటలను యూట్యూబ్ యంత్రం పట్టేస్తుంది. మేం మిక్సింగ్‌లో వేసినవన్నీ సినిమా పాటలే. ఒక్కోసారి శబ్దం తీసేస్తుంది, ఒక్కోసారి వీడియోనే ఆపేస్తుంది. సన్నాయి ఒక్కటే వేయించుకున్న పెళ్లిళ్లు క్షేమం, అలాంటివి నా చేతికి ఎన్నో రాలేదు.

నల్ల పట్టీల జోలికి వెళ్లవద్దు బాబూ. అప్పటి బొమ్మ నాలుగుకు మూడు, ఇప్పటి తెర పదహారుకు తొమ్మిది. పట్టీలు ఉండి తీరాలి. తెర నిండా సాగదీస్తే పెళ్లికూతురు లావైపోతుంది, కలశం గిన్నె అవుతుంది. జూమ్ చేస్తే పైన బాసికం, కింద పీటలు తెగిపోతాయి. కెమెరా పట్టుకున్నవాడు గంటల తరబడి భుజం నొప్పి భరించి తీసిన బొమ్మ అది, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడు. టీవీలో పిక్చర్ సైజు తప్పుగా ఉంటే 4:3 చేసుకో.

పద్మావతి, సింగ్ నగర్

పరికరాల గురించి నాకు అంత తెలియదు, మాస్టారు అన్న ‘పాతవి చెరిపేయకండి’ దగ్గర ఒక మాట కలుపుతాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద మా వీధిలోకి వచ్చింది. బీరువా కింది అరలో ఉన్న పెళ్లి క్యాసెట్లు, ఆల్బమ్‌లు బురదలో నానిపోయాయి. క్యాసెట్ తలుపు తీస్తే టేపు చుట్టల మధ్య ఒండ్రు, పట్టుకుంటే ఒకదానికొకటి అంటుకుని వచ్చింది. ఆల్బమ్‌లో ఫొటోల మీది రంగు ప్లాస్టిక్ కాగితానికి అంటుకుని మనుషులు లేని తెల్ల కాగితాలు మిగిలాయి. మాకు మిగిలింది మా మరిది హైదరాబాదులో తన హార్డ్ డిస్క్‌లో వేసుకున్న కాపీ ఒక్కటే. ఆయన అడిగినప్పుడు “నీకెందుకు, మా దగ్గర ఉన్నాయిగా” అని మా వారు ఎగతాళి చేశారు కూడా.

శైలజ గారూ, మీ తమ్ముడు సెలవులకు వచ్చినప్పుడు ఒక హార్డ్ డిస్క్ నింపి ఇచ్చి పంపండి. ఇంట్లోనే రెండు కాపీలు ఉంచుకుంటే వరద రెండింటినీ తీసుకుపోతుంది.

శైలజ, అరండల్‌పేట, గుంటూరు

అందరికీ నమస్కారం. మధ్యలో కాలేజీ పరీక్షలు రావడంతో ఇటు రాలేకపోయాను. సెలవులన్నీ దీనికే పోయాయి కానీ పని అయింది.

మాస్టారు చెప్పినట్టు పుష్కరాల వీడియో ఒకటి మార్చి టీవీకి పెట్టాను. గీతలు లేవు! నీళ్లు చల్లుకునే పిల్లలు కూడా శుభ్రంగా కనిపించారు. పెళ్లి డీవీడీల్లో మొదటి రెండూ మేక్‌ఎమ్‌కేవీతో సాఫీగా వచ్చాయి. మూడోదాన్ని చివర్లో చదవలేకపోయింది, అప్పగింతలు సగంలో ఆగిపోతాయి. అక్క దగ్గర ఇంకో కాపీ ఉందట, తెమ్మన్నాను.

అంటే పరికరం లేకుండానే గడిచిపోవాలి. గడవలేదు. మా టీవీలోని ప్లేయర్‌కు తెలుగు రాదు. ఫైళ్లకు శుభ్రంగా తెలుగులో పేర్లు పెట్టుకున్నాను, అన్నీ డబ్బాలు డబ్బాలుగా కనిపించాయి. ఇంగ్లీషులో మార్చాను. తర్వాత ఆపిన చోట నుంచి మొదలుపెట్టదని తెలిసింది. నాన్నగారు మధ్యలో కాఫీకి లేచి వస్తే మళ్లీ గణపతి పూజ నుంచే. అన్నిటికంటే, పెన్‌డ్రైవ్ దగ్గరకు చేరాలంటే సోర్స్ మీట నొక్కి, జాబితాలో దిగి, ఇంకో మెనూలోకి వెళ్లాలి. అది నాలుగో మీట. ఆయన నొక్కలేదు.

చివరికి యూఎస్‌బీ ఉన్న గూగుల్ టీవీ బాక్స్ తీసుకున్నాను, ఐదు వేల లోపే వచ్చింది. 128 జీబీ పెన్‌డ్రైవ్ దాని వెనకే శాశ్వతంగా ఉంది. వీఎల్‌సీలో తెలుగు పేర్లు చక్కగా కనిపిస్తున్నాయి. ‘పెదనాన్న, గోంగూర’ అన్న ఫైలు అన్నిటికంటే పైన ఉండేలా ముందు సున్నా పెట్టాను. ఇంతకీ ఆయన వడ్డించే అతనితో ఏమన్నారో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నా తెలియలేదు, మీద నాదస్వరం మిక్సింగ్ చేశారు. మాస్టారూ, మీరు కాదు కదా?

రెండు ఇబ్బందులు మిగిలాయి. బాక్స్‌కు ఒక రిమోట్, టీవీకి ఒక రిమోట్. నాన్నగారు రెండూ ఒళ్లో పెట్టుకుని ఏది దేనిదో అని అడుగుతున్నారు. బాక్స్ తెరవగానే మొదటి పేజీ నిండా సినిమాల బొమ్మలు వస్తున్నాయి, వాటిలో మన వీఎల్‌సీ ఎక్కడుందో వెతుక్కోవాలి.

మిక్సింగ్ మాస్టారు, గవర్నర్‌పేట

గుంటూరు పెళ్లిళ్లు కొన్ని నా దగ్గరకు వచ్చిన మాట నిజమే. డీవీడీ అట్ట మీద స్టూడియో పేరు చూసి చెప్పండి. మాది అయితే అసలు టేపు దొరుకుతుందేమో వెతుకుతాను. అందులో నాదస్వరం ఉండదు, పంక్తిలో మాటలే ఉంటాయి. దొరుకుతుందని మాట ఇవ్వను, టేపుల మీద తిరిగి రికార్డు చేసుకోవడం అప్పట్లో మామూలు.

రెండు రిమోట్ల గొడవకు టీవీ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎమ్ఐ-సీఈసీ ఆన్ చేయండి. ఆ పేరుతోనే కనిపించకపోవచ్చు. సామ్‌సంగ్ ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. బాక్స్ సెట్టింగ్స్‌లో కూడా అదే ఆన్ చేయాలి. అప్పుడు టీవీ రిమోట్‌లోని పైకి, కిందికి, ఓకే మీటలే బాక్స్‌కు కూడా పనిచేస్తాయి. బాక్స్ రిమోట్‌ను బీరువాలో పెట్టేయండి, పారేయకండి.

సినిమాల బొమ్మలకు బాక్స్ సెట్టింగ్స్‌లో మీ అకౌంట్ పేరు కింద యాప్స్ ఓన్లీ మోడ్ అని ఉంటుంది. అది పెడితే సినిమా సిఫార్సులు పోయి యాప్‌ల వరస మిగులుతుంది. వీఎల్‌సీని పట్టి ఆ వరసలో మొదటికి జరపండి. దీనితో వాయిస్ సెర్చ్ లాంటివి కొన్ని ఆగిపోతాయి. మీ నాన్నగారు టీవీతో మాట్లాడే మనిషి కాదనుకుంటాను.

శైలజ, అరండల్‌పేట, గుంటూరు

టీవీతో మాట్లాడరు కానీ టీవీలో పెదనాన్నగారితో మాట్లాడతారు, దానికి ఏ మోడ్ అయినా పరవాలేదు. సీఈసీ ఆన్ చేశాను, పనిచేస్తోంది. శబ్దం తగ్గించే మీట మాత్రం ఇంకా నన్నే నొక్కమంటున్నారు. డీవీడీ అట్ట మీద పేరు చూశాను, విజయవాడ స్టూడియోనే, ఏలూరు రోడ్డు చిరునామా ఉంది. ఫొటో మీకు విడిగా పంపుతున్నాను.